పెంజీకటి కవ్వల వెలిగే ఆ "ఏకాకృతి" ఒకే ఆకృతా, ఒంటరి ఆకృతా?

నీలిచుక్క: డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన 'వీడియోడ్రోమ్' (1983) చూసినప్పటి నుంచి ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. "పెంజీకటి కవ్వల నెవ్వండో ఏకాకృతి వెలుగు..." అని ఏదో నడుస్తోంది. పోతన భాగవతం గజేంద్రమోక్షంలోదే కానీ నడక కుదరడం లేదు. ఎక్కడో ఒక అక్షరం ఎక్కువైంది.

ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను. సినిమాలో ఒబ్లివియన్ అనే ఆచార్యుడు ఉంటాడు. టీవీ చర్చకు పిలిస్తే మనిషి రాడు, వేదిక మీద ఇంకో టీవీ పెట్టి అందులో కనిపిస్తాడు. ఆయన ఎప్పుడో చనిపోయాడనీ, మిగిలినవి గదినిండా వీడియో టేపులేననీ కూతురు బియాంకా తరువాత చెబుతుంది. చాలామంది ప్రేక్షకులు నాయకుడి పొట్ట చీలి క్యాసెట్టు లోపలికి వెళ్లే దృశ్యం దగ్గర కళ్లు మూసుకుంటారు. నన్ను భయపెట్టింది మాత్రం ఆ టేపుల గదే. చీకటిలో ఒక తెర, తెర మీద ఒక ముఖం, ఆ ముఖానికి అవతల ఎవరూ లేరు.

నా ప్రశ్న ఒక్కటే. "ఏకాకృతి" అంటే "ఒకే ఆకృతి" అని చెప్పుకోవాలా, "ఒంటరి ఆకృతి" అనా?

యతిప్రాస: ఎక్కువైన అక్షరం "నెవ్వండో"లోని ఓకారమండీ. పద్యం ఇది:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగిన తుది నలోకం బగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

అర్థం కన్నా ముందు నాలుగో పాదం యతి చూడండి. "డే"కు "నే"తో మైత్రి ఎలా కుదిరింది? డకారానికీ నకారానికీ కుదరదు. "ఎవ్వండు + ఏకాకృతి", "అతనిన్ + ఏ సేవింతున్" అని విడదీస్తే రెండు చోట్లా ఏకారం దొరుకుతుంది. అంటే చివర ఉన్నది మనం అనుకునే "నే" కాదు, "ఏను" అనే పాత మాటకు పొట్టి రూపమైన "ఏ". పద్యాన్ని "అతని, నే సేవింతున్" అని విరిచి చదివేవారు యతిని చంపేస్తున్నారు.

గోరువంక: యతిప్రాస గారూ, యతి రుజువు చేసింది రెండో ఏకారాన్ని మాత్రమే. మొదటి చోట "ఎవ్వండే" అని అవధారణార్థక (నొక్కి చెప్పే) ఏకారం పెట్టినా స్వరయతి, అంటే అచ్చుల మైత్రి, చెల్లుతుంది. కొన్ని అచ్చు ప్రతుల్లో "నెవ్వండే కాకృతి" అని విడగొట్టి ఉండటం చూశాను.

యతిప్రాస: యతి చెల్లుతుంది, అర్థం చెల్లదు. "కాకృతి" అనే మాట ఏ నిఘంటువులో ఉంది? అది అచ్చుకూర్పు వారు పాదం విరిచిన తీరే తప్ప పాఠాంతరం కాదు. నీలిచుక్క గారి "ఒంటరి" గురించి కూడా ఒక మాట. "ఏకాకి"ని మనసులో పెట్టుకుంటే కుదరదు. ఏకాకి + ఆకృతి యణాదేశం వచ్చి "ఏకాక్యాకృతి" అవుతుంది. ఇక్కడ ఉన్నది ఏక + ఆకృతి, సవర్ణదీర్ఘం. కనుక ఒకే ఆకృతి.

పాతపుస్తకం: వ్యాసుని శ్లోకం పక్కన పెట్టుకోకుండా ఈ చర్చ సాగదు. అష్టమస్కంధం, మూడో అధ్యాయం:

కాలేన పంచత్వమితేషు కృత్స్నశో
లోకేషు పాలేషు చ సర్వహేతుషు
తమస్తదాసీద్ గహనం గభీరం
యస్తస్య పారేఽభివిరాజతే విభుః

కాలం తీరి లోకాలూ పాలకులూ అందరూ నశించాక మిగిలిన గాఢమైన చీకటికి అవతల వెలిగే ప్రభువు అని. ఇందులో "ఏకాకృతి" లేదు, "విభుః" (ప్రభువు) ఉంది. "అలోకం" కూడా లేదు. ఆ రెండూ పోతన కలిపినవే. అయితే ఆకృతి ఎక్కడి నుంచి వచ్చింది? మూలంలో తరువాతి శ్లోకం చూడండి, "యథా నటస్యాకృతిభిర్విచేష్టతో" అని ఉంది. నటుడు రకరకాల ఆకృతులతో ఆడుతున్నట్లు అని. పోతన ఆ శ్లోకాన్ని "నర్తకుని భంగిఁ బెక్కగు మూర్తులతో నెవ్వఁ డాడు" అని తెలిగించాడు. ఆకృతిని ముందు పద్యానికి తెచ్చుకుని, అక్కడ "మూర్తులు" పెట్టాడు. ముందు పద్యంలో ఏకం, వెనుక పద్యంలో పెక్కు. పక్కపక్కనే ఇంత ఎదురెదురుగా నిలబెట్టడం యాదృచ్ఛికం కాదని నా గట్టి నమ్మకం. అనువాదంలో ఒక మాటను ఒక పద్యం ముందుకు జరిపి రెండు పద్యాలకూ కొత్త వెలుగు తేగలిగినవాడు మన భాషలో ఇంకొకడు లేడు.

తెరవెనుక: పాతపుస్తకం గారు చెప్పినది ఆ సినిమాకు నేరుగా తగులుతుంది. ఒబ్లివియన్‌ది పెక్కు మూర్తుల వ్యవహారమే. వేల టేపులు, ప్రతి టేపులో ఒక మూర్తి. ఏక అనదగినది ఒక్కటీ లేదు. క్రోనెన్‌బర్గ్ ఈ పాత్రను టొరొంటో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మాధ్యమాల సిద్ధాంతకర్త మార్షల్ మెక్లూహన్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాడు. మెక్లూహన్ 1980 చివరి రోజున పోయాడు. సినిమా తెర మీదికి వచ్చేసరికి ఆయన కూడా టేపుల్లోనే ఉన్నాడు.

ప్రేక్షకుల సంగతి కూడా చెప్పాలి. విడుదలైనప్పుడు సినిమా ఖర్చు కూడా రాబట్టలేకపోయింది. సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కు ఏమాత్రం నచ్చలేదు. చిత్రకారుడు ఆండీ వార్హోల్ మాత్రం ఇది ఎనభైల దశకానికి 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' సినిమా లాంటిదన్నాడు. అప్పుడు కథ తెగిపోయిందని విసుక్కున్న చోటే ఇప్పటి కుర్రవాళ్లు ఆగి మళ్లీ చూస్తున్నారు. భ్రమ ఎక్కడ మొదలైందో సినిమా గీత గీసి చూపదు. ఆ గీత లేకపోవడమే దాని బలమని నా అభిప్రాయం.

మావూరిబడి: అందరికీ నమస్కారం. పోతన పద్యాన్ని రక్తమాంసాల సినిమా పక్కన కూర్చోబెట్టడం నాకు కష్టంగా ఉంది. మా తెలుగు మాస్టారు ఈ పద్యం చదివితే తరగతి అంతా ఊపిరి బిగబట్టేది. "పెంజీకటి" దగ్గర ఆయన గొంతు దిగేది, "వెలుఁగు" దగ్గర లేచేది. ఏనుగు ప్రాణం పోయే వేళ నోట వచ్చిన మాట ఇది. పోల్చవలసే వస్తే "కరి దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచుఁ" పద్యంతో పోల్చండి. టీవీ మనిషిని లాగుతోందో, మనిషి టీవీని లాగుతున్నాడో అన్నదే కదా ఆ కథ.

నీలిచుక్క: మావూరిబడి గారూ, మీ కష్టం అర్థమైంది. పద్యం మీద గౌరవం ఉంది కనుకనే అడిగాను. కరి మకరి పోలిక చాలా బాగా కుదిరింది. టీవీ తెర బుగ్గలా ఉబ్బి, నాయకుడు మాక్స్ అందులోకి తల దూర్చే దృశ్యం ఉంది. అక్కడ ఎవరు ఎవరిని లాగుతున్నారో నిజంగానే తెలియదు. కానీ పద్యంలో గజేంద్రుడు పిలవడానికి అవతల ఒకడున్నాడు. మాక్స్‌కు ఎవరున్నారు? "కలడు కలం డనెడి వాడు కలడో లేడో" అన్న అనుమానం దగ్గరే అతని కథ ఆగిపోయింది.

గోరువంక: "అనెడి"యా, "అనెడు"నా? మా ఇంట్లో పాత ప్రతిలో "కలం డనెడు వాఁడు" అని ఉంది.

యతిప్రాస: రెండూ లఘువులే, రెండు రూపాలూ ప్రాచీన కావ్యాల్లో కనిపిస్తాయి. ఛందస్సు తీర్పు చెప్పదు. చెవికి "అనెడి" ఇంపు. "వాఁడు", "లేఁడో"ల ముందు ఇంకో డుకారం బరువైపోతుంది. పోతన చెవి తెలిసినవారెవరూ "అనెడు" ఒప్పుకోరు.

గోరువంక: పోతన చెవికి డుకారాల వరుస బరువా? "కలఁడు", "కలండు", "వాఁడు", "లేఁడు" అని ఆ పాదమంతా డకారమే కదా. ఇంకొకటి చేరితే బలమే.

పాతపుస్తకం: అది వేరే చర్చ. "అలోకం" దగ్గరకు రండి, ఎవరూ పట్టించుకోలేదు. "లోకాలు లేనిది" అని అందరూ సరిపెట్టుకుంటారు. కానీ లోకం అనే మాటకు మూలం "లోకృ దర్శనే" అన్న ధాతువు. చూడబడేది లోకం. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడుసార్లు ఆ మాటే మోగించి, నాలుగోసారి "అలోకం" అన్నాడంటే పోతన ఆ ధాతువును తట్టి లేపాడు. చూపుకు అందనిది ఆ చీకటి. దాని అవతల వెలిగేదాన్ని కంటితో చూడడం కుదరదు. "ఆదిత్యవర్ణం తమసస్తు పారే" అన్న పురుషసూక్తం గుర్తు తెచ్చుకోండి.

తెరవెనుక: ఇదే ఆ సినిమాకు నడుమ ఉన్న మాట. టీవీ తెరే మనోనేత్రానికి రెటీనా అని ఒబ్లివియన్ అంటాడు. తెర మీద కనబడేదే చూసేవాడి అనుభవం, కనుక యథార్థం టీవీ కన్నా తక్కువదని వాదిస్తాడు. చూడబడేదే లోకం అన్నమాట. చూడబడనిదానికి అతని సిద్ధాంతంలో చోటే లేదు.

మావూరిబడి: సినిమా చివర వచ్చే "లాంగ్ లివ్ ద న్యూ ఫ్లెష్" అనే నినాదాన్ని మా అబ్బాయి "నవ మాంసం వర్ధిల్లాలి" అని తెలుగు చేశాడు. నాకు వెగటుగా ఉంది. "కొత్త దేహం" అనకూడదా?

గోరువంక: దేహం అంటే వెగటు పోతుంది, వెగటే అక్కడ కావలసింది. "కండ" ఉంది కదా. "తిండి కలిగితే కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్" అన్న గురజాడ మాటను తిప్పి చదివితే ఆ సినిమా వస్తుంది.

యతిప్రాస: తెలుగు బైబిలులో యోహాను సువార్త దగ్గర "ఆ వాక్యము శరీరధారియై" అన్నారు. మాంసం అనలేదు. అనువాదకుల సంకోచం పాతదే. అయితే మనం "ఏక" దగ్గర ఆగాం.

నీలిచుక్క: అవును, ఏక దగ్గరకే వద్దాం. "ఏకే ముఖ్యాన్యకేవలాః" అని అమరకోశం నిఘంటువు. మూడర్థాలు: ముఖ్యం, అన్యం, కేవలం. యతిప్రాస గారు "ఒకే" అంటున్నారు, పెక్కుకు ఎదురుగా. కేవలం అంటే తోడు లేనిది, నేను మొదట అడిగిన ఒంటరితనం ఏకాకి అనే మాట లేకుండానే వచ్చేస్తుంది. లోకాలూ లోకేశులూ లోకస్థులూ అందరూ తెగిపోయాక మిగిలినవాడికి తోడెవరు? అదీ కాక "అన్యం" ఉంది. మనం ఎరిగిన ఏ ఆకృతితోనూ పోలిక లేని ఇంకో ఆకృతి. చూపుకు అందని చీకటికి అవతల ఉన్నవాడికి ఈ అర్థమే సరిపోతుందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ సినిమా ముగింపు మీద ప్రేక్షకులు రెండుగా చీలడం కూడా ఇందుకే. పాడుబడ్డ ఓడలో టీవీలో అతని ప్రియురాలు నికీ కనిపించి పాత దేహాన్ని విడిచిపెట్టమంటుంది, అతడు తుపాకి తలకు పెట్టుకుంటాడు. కొందరికి అది ఇంకో ఆకృతిలోకి దాటడం. నాకు మాత్రం తెర చెప్పినట్లు ఒక మనిషి చచ్చిపోవడం. తుపాకి పేలాక క్రోనెన్‌బర్గ్ ఏమీ చూపించలేదు. చూపించకపోవడం న్యాయమనే నా పట్టు.

యతిప్రాస: "అన్య" ఒప్పుకోను. ఏక శబ్దం సమాసంలో పూర్వపదంగా ఉండి అన్యార్థం ఇచ్చిన ప్రయోగం పోతనలోనే ఇంకొకటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం. తరువాతి పద్యంలో "పెక్కగు మూర్తులు" కళ్లెదుట ఉండగా ఇంత దూరం పోనక్కరలేదు.

పాతపుస్తకం: పోతనలోనే ఎందుకు? పెక్కు మూర్తులు ఆడేవాడి అసలు రూపం ఆ మూర్తులన్నిటికీ అన్యమే కదా. నీలిచుక్క గారి అర్థానికి కూడా తరువాతి పద్యమే సాక్ష్యం.

గోరువంక: "మునులు దివిజులుం గీర్తింప నేర రెవ్వని" అని ఆ పద్యంలోనే ఉంది కదా. అక్కడ "కీర్తింప నేరరు" అంటే చేతకాదనా, తెలియదనా? నా దగ్గర ఉన్న టీకలు రెండూ రెండు రకాలుగా చెబుతున్నాయి.