మారేడుమిల్లిలో చూసిన పచ్చ పాము పసిరికేనా?

గోదారిగట్టు:
మారేడుమిల్లి దగ్గర వాగు పక్కన నడుస్తుంటే వెదురు పొదలో, మోకాలెత్తు కొమ్మకి ఒక పచ్చ పాము చుట్టుకుని ఉంది. రెండడుగులు ఉంటుందేమో గానీ ఒళ్లు లావు, తల వెడల్పు, మెడ మాత్రం సన్నం. మేం పక్కనే మాట్లాడుకుంటున్నా కదల్లేదు. వెంట వచ్చినతను పసిరిక పామే, ఏమీ చేయదు అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. జూమ్ చేసి తీసిన ఫొటో పెట్టాను, ఏ పామండీ ఇది?

వేపచెట్టు:
పచ్చగా ఉండి చెట్టు మీదుంటే పసిరికే బ్రో. మా తోటలో బోలెడు. టెన్షన్ వద్దు.

కొండదారి:
కాదండీ, రంగు చూసి చెప్పేస్తే చాలా ప్రమాదం. పసిరిక తాడులా సన్నగా బారుగా ఉంటుంది, మూతి సూదిగా ముందుకు పొడుచుకొస్తుంది, కంటిపాప అడ్డంగా ఉంటుంది. మీది బ్యాంబూ పిట్ వైపర్, పింజర జాతి విషప్పాము. ఫొటోలో కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య ఇంకో గుంట కనిపిస్తుంది చూడండి, ఎలుక గానీ పిట్ట గానీ దగ్గరికొస్తే ఒంటి వేడిని దాంతోనే పసిగడుతుంది. కంటిపాప నిలువు గీత. వేట రాత్రిపూట, అదీ ఉన్నచోటే కాపు కాసి, అందుకే మీరెంత మాట్లాడినా కదల్లేదు. తూర్పు కనుమల్లో వాగు పక్క వెదురు దీనికి సొంతిల్లే. 1802లో షా అనే ఇంగ్లిష్ జంతుశాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో అచ్చువేసిన మన విశాఖపట్నం పాము బొమ్మ చూసే.

గోదారిగట్టు:
గుంట స్పష్టంగా ఉంది అన్నా! కరిస్తే ప్రాణం పోతుందా?

కొండదారి:
ప్రాణం పోవడం అరుదే గానీ నొప్పి, వాపు విపరీతం. చూడకుండా కొమ్మ పట్టుకుంటే చేతి మీదే కాటు పడుతుంది, మీ వెంట వచ్చినతనికి ఇది తప్పకుండా చెప్పండి. ఇంకో సంగతి, మన ఆస్పత్రుల్లో ఇచ్చే యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకి చేసింది, దీనికోసం చేసింది కాదు. అయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, వాపుకీ రక్తస్రావానికీ అక్కడే వైద్యం. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయాలి, వాపు ఎక్కాక రావు.