రాగి బాయిలర్ బాగుచేతకి 5,400 అడుగుతున్నారు: చేయించాలా, తూకానికి వేసేయాలా?

పెరట్లో వేపచెట్టు (అమలాపురం దగ్గర)
మా అత్తగారి నాటి రాగి బాయిలర్. పైనుంచి పుల్లలు వేసే రకం. నడిమి గొట్టంలో మంట, చుట్టూ 40 లీటర్ల నీళ్లు. వారం నుంచి నీళ్లు కారి నిప్పుల మీద పడుతున్నాయి, చుయ్‌మని మంట ఆరిపోతోంది. టౌన్లో పాత్రల కొట్టుకి తీసుకెళ్తే చెప్పిన లెక్క: గొట్టం 3,600, కుళాయి 650, అడుగు జాలీ 450, లోపల కళాయి (తగరం పూత) 700. 2016లో ఇదే గొట్టాన్ని 1,300కి మార్పించాం, చీటీ ఇంకా నా దగ్గరుంది. మావారు గీజరు పెట్టిద్దాం, దీన్ని తూకానికి ఇచ్చేద్దాం అంటున్నారు. మీరైతే ఏం చేస్తారండీ?

కరెంటు లెక్కలు
మీవారి మాటే నయం. రోజుకి 60 లీటర్లు 25 డిగ్రీల నుంచి 55కి కాగాలంటే సుమారు 2 యూనిట్లు. 225 యూనిట్లు దాటిన శ్లాబులో ఉన్నారనుకున్నా యూనిట్ 8.75. నెలకి 550 లోపే, సర్దుబాటు చార్జీలు వేరు. చలికాలం నాలుగు నెలలకి 2,200. మీరు రిపేరుకి పెట్టే డబ్బుతో రెండు చలికాలాలు దాటేస్తారు, కళ్లు మండకుండా.

డొక్కల రాజు
గీజరు ఉచితంగా వస్తుందా గురూగారూ? దాని ధర మీ లెక్కలో ఏదీ? మా బోరు నీళ్లకి రెండేళ్లకోసారి ఎలిమెంట్ సున్నం పట్టి పోతుంది. లోపల ట్యాంకుకి తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, అదీ అరిగిపోతుంది. విడిభాగాల ఖర్చు బాయిలర్‌కే ఉన్నట్టు మాట్లాడకండి. కోనసీమలో కొబ్బరి డొక్కలు, మట్టలు పెరట్లోనే ఎండుతుంటాయి, వాటికి మీటరు తిరగదు.

కరెంటు లెక్కలు
డొక్కలు ఇప్పుడు పీచు మిల్లు వాడు కొనుక్కుపోతున్నాడు, చిప్పలు బొగ్గుకి పోతున్నాయి. ఊరికే వస్తాయనే మాట పాతబడింది.

డొక్కల రాజు
మట్టలు ఎవడూ కొనట్లేదులెండి.

రాగి రేకు
ధర గురించి ఒక మాట. 2016లో లండన్ మార్కెట్లో టన్ను రాగి 5 వేల డాలర్ల చుట్టుపక్కల, డాలరు 67 రూపాయలు. అంటే కిలో 335. 2024 మేలో టన్ను 11 వేలు దాటి అప్పటికి రికార్డు కొట్టింది, డాలరు 83. కిలో 900 పైమాటే. రేకు చేసిన కూలీ, పన్ను దానిపైన. ఐదంగుళాల గొట్టం, రెండడుగుల ఎత్తు, మిల్లీమీటరు మందం అయితే రెండు కిలోల రాగి పడుతుంది. కాబట్టి 3,600లో సగానికి పైగా లోహమే. కొట్టువాడు దోచుకుంటున్నాడని నేననను.

అనుమానాల పుట్ట
తూత్తుకుడి రాగి ఫ్యాక్టరీ 2018లో మూసేశాక ఎగుమతి చేసే మనం దిగుమతికి దిగాం కదా, అదే కారణం.

రాగి రేకు
అది తెరిచి ఉన్నా మన ధర లండన్ ధరని బట్టే ఉండేది. ఆ గొడవ వేరే చోట పెట్టుకుందాం.

ఓరుగల్లు పిల్ల
అక్కా, గా కళాయి ఎందుకు పెట్టిస్తున్నవ్? స్నానం నీళ్లే కదా, పులుసు కాస్తున్నవా అండ్ల? 700 గక్కడనే మిగుల్తయ్. జాలీకి 450 ఎందుకు? మా బాపు 12 ఎంఎం సలాక ముక్కలతోని చేయించిండు, నాలుగేండ్లాయె.

స్టీలే మేలు
ఇంత చర్చెందుకు, స్టెయిన్‌లెస్ స్టీల్ బాయిలర్ కొనుక్కోండి. రాగి కంటే చవక.

డొక్కల రాజు
స్టీలుకి వేడి ఎక్కదండీ.

రాగి రేకు
ఇక్కడ నేను స్టీలు వైపే. రాగి పాతిక రెట్లు బాగా వేడిని పంపుతుంది, నిజమే. కానీ రేకు మందం ఒక మిల్లీమీటరు. అసలు అడ్డంకి మంటకీ రేకుకీ మధ్యే ఉంటుంది, అక్కడ మసి పేరుకుంటే మరీను. మసి దులిపిన స్టీలు, మసి పట్టిన రాగి కంటే ముందు కాగుతుంది. కాకపోతే స్టీలు చిల్లుపడితే మన ఊళ్లలో అతికేవాళ్లు తక్కువ, అమ్మితే వచ్చేదీ తక్కువ.

కంచరి కొడుకు (తణుకు)
మా నాన్నగారు ఇత్తడి సామాన్లకి పేరున్న అజ్జరంలో కంచరి పని చేసేవారు. గొట్టం పోయిందని ముందే ఎందుకనుకుంటున్నారు? మంట లేకుండా బాయిలర్ నిండా నీళ్లు పోయండి. గొట్టం లోపలి మసి ఈనెల చీపురుతో దులిపి, పొడిబూడిద జల్లి, పైనుంచి టార్చి వేసి చూడండి. ఎక్కడ తడి నల్లబడుతుందో అక్కడే కారుతోంది. పదింట ఆరేడు రేకు చిల్లులు కావు, గొట్టం అడుగుని పళ్లేనికి కలిపే అతుకు. అది తగరం, సీసం టంకమైతే 183 డిగ్రీలకే మెత్తబడుతుంది. నీళ్లున్నంతసేపు 100 దాటదు కాబట్టి నిలుస్తుంది. నీళ్లు లేకుండా ఒక్కసారి ముట్టిస్తే చాలు, జారిపోతుంది. వెలిగారం చల్లి ఇత్తడితో అతికించమనండి, అది 800 పైన గానీ కదలదు. అన్నట్టు, సీసం టంకం ఉంటే ఆ నీళ్లు వంటకి వాడకండి.

ఇంకోటి. అడుగు బూడిద ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు? కిందనుంచి గాలి ఆడితేనే జాలీ చల్లబడుతుంది. బూడిద జాలీని తాకేదాకా ఉంచితే బీడు ఇనుమైనా వంగుతుంది.

కూలీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక అతుక్కి పూటంతా పోతుంది. పాత టంకం గీకాలి, సున్నం రాలగొట్టాలి, నొక్కులు సరిచేయాలి. నాన్నగారి చేతుల మీద వెంట్రుక ఉండేది కాదు. ఇప్పుడు ఆ పని వచ్చినవాళ్లే తగ్గిపోయారు. అతుక్కి వెయ్యి అడిగితే ఎక్కువని మాత్రం అనకండి.

పెరట్లో వేపచెట్టు
చూశానండీ. అతుకే! గొట్టం మొదట్లో రెండంగుళాల మేర నల్లబడింది, రేకు మొత్తం పొడిగా ఉంది. అడిగితే మా మరిది కొడుకు ఒప్పుకున్నాడు, భోగి నాడు తెల్లవారుజామున చీకట్లో నీళ్లు పొయ్యకుండా ముట్టించాడట. బూడిద సంగతి అడక్కండి, సంక్రాంతి నుంచి తియ్యలేదు.

కరెంటు లెక్కలు
సరే, అతుకు వరకైతే వెయ్యి పెట్టండి, ఒప్పుకుంటా. గొట్టం మార్చాల్సొస్తే నా మాట నాదే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అసలు ఆలోచించకండి.

పెరట్లో వేపచెట్టు
ఉబ్బసం ఎవరికీ లేదు, పెరడు గాలి ఆడే చోటే. శనివారం అజ్జరం వెళ్తున్నాం. గొట్టం మార్చాల్సిందేనంటే పాతది తూకం వేసి ఆ డబ్బు తగ్గించమని ముందే అడుగుతాను. మావారు ఇంకా గీజరు బొమ్మలు చూస్తూనే ఉన్నారు.

కంచరి కొడుకు (తణుకు)
అడగండి, ఇస్తారు. మీ పాత కుళాయి బరువుగా ఉందా?

పెరట్లో వేపచెట్టు
అర కిలో పైనే ఉంటుంది. కొంచెం బొట్టుబొట్టుగా కారుతుందంతే.

కంచరి కొడుకు (తణుకు)
అయితే అది విప్పి ఇంట్లో పెట్టి వెళ్లండి.