‘సిట్టర్’ని తెలుగులో ఏమనాలి?

విక్టోరియా రాణి కాలంలో లండన్ ప్రభువుల కుటుంబాలు తీయించుకున్న ఫొటోలకు తెలుగులో వివరాలు రాస్తున్నాం. తీసింది కమీయ్ సిల్వీ, 1859లో బేస్‌వాటర్‌లో స్టూడియో పెట్టిన ఫ్రెంచి ఆయన. ఫొటోలోని మనిషిని ఇంగ్లీషులో ‘సిట్టర్’ అంటారు. మా మొదటి ప్రతిలో ‘ఆసీనురాలు’ అని పడింది. తీరా చూస్తే ఆవిడ నిలబడి ఉంది! ఇంకేం మాట వాడొచ్చు? అట్ట మీద అతికించిన ఈ చిన్న ఫొటోల పేరు ‘కార్ట్ డి విజిట్’, దాన్ని ‘విజిటింగ్ కార్డు’ అంటే సరిపోతుందా?

*

మాట మన నోట్లోనే ఉంది కదండీ: ఫొటో దిగడం. తీసేవాడు తీస్తాడు, మిగతావాళ్లు దిగుతారు. కూర్చుని దిగినా నిలబడి దిగినా పేచీ లేదు. ‘దిగినవారు: ఫలానా ప్రభువు భార్య’ అని వేసేయండి. ‘సిట్టర్’ అనేది చిత్రకారుడి ముందు గంటల తరబడి కూర్చున్న రోజుల మాట, ఫొటోలకు అరువొచ్చింది.

‘సిట్టింగ్’ని మాత్రం అలాగే ఉంచండి. సిల్వీ ఒక్కో సిట్టింగ్‌కి నంబరు వేసి, పద్దు పుస్తకంలో ప్రింటు అతికించి పెట్టేవాడు. ఆ పుస్తకాలు లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. అక్కడ ‘దిగుడు నంబరు’ అని రాస్తే బావి గుర్తొస్తుంది.

*

‘దిగడం’ మరీ వాడుక భాష కాదూ? మ్యూజియంలో పెట్టే మాటకు కాస్త బరువుండాలేమో.

*

బరువు చాలానే ఉంది. నకలు దింపడం, ‘అచ్చు దింపినట్టున్నాడు’ అనడం వింటూనే ఉంటాం. ఉన్నరూపు ఇంకోచోట పడటం అనే అర్థం ఆ ధాతువులోనే ఉంది. ‘ఛాయాగ్రహీత’ లాంటిది తయారుచేస్తే తీసినవాడో తీయించుకున్నవాడో తేలదు.

*

మాట కుదిరింది కాబట్టి వివరాల సంగతి. ఇవి వెట్ కొలోడియన్ ఫొటోలు. అద్దం పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, నాలుగు మూలలకూ పారేలా వంచి, మిగిలింది ఒక మూల నుంచి సీసాలోకి వంపుతారు. తర్వాత మూడు నాలుగు నిమిషాలు సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచుతారు. తడి ఆరకముందే ఫొటో తీసి డెవలప్ చేయాలి, ఉన్న వ్యవధి పది నిమిషాలు, అటూ ఇటూగా. ఆరితే సిల్వర్ నైట్రేట్ స్ఫటికాలు కట్టి మచ్చలు పడతాయి, డెవలపర్ లోపలికి ఇంకదు.

ఎక్స్‌పోజర్‌కి కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి తల వెనక ఇనప స్టాండు ఆనించేవారు. మగవారి బూట్ల వెనక దాని పాదం కనబడుతూ ఉంటుంది. ఆడవారికి క్రినొలీన్ గౌను, అంటే గొడుగులా విచ్చుకున్న గౌను, దాన్ని కప్పేస్తుంది. ‘బొమ్మలా బిగుసుకుపోయి, గర్వంగా’ అని రాసేముందు ఆ ఇనప పాదం ఉందేమో వెతకండి.

రంగుల దగ్గర ఇంకా జాగ్రత్త! కొలోడియన్‌కు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా కనబడుతుంది. గార్టర్ బిరుదు పట్టీ నీలం, ఫొటోలో పాలిపోతుంది. బాత్ బిరుదు పట్టీ ఎరుపు, నల్లబడుతుంది. ‘తెల్ల పట్టీ ధరించిన ప్రభువు’ అని రాశారో, బిరుదే మారిపోతుంది. గౌను రంగు అసలు చెప్పకండి. ‘ముదురు రంగు’ అంటే చాలు.

*

‘విజిటింగ్ కార్డు’ వద్దు. పేరు కొలత నుంచి వచ్చింది, పని వేరు. పారిస్‌లో డిస్డేరీ అనే ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది: ఒకే పలక మీద ఎనిమిది దాకా బొమ్మలు. వాటిని కత్తిరించి, సుమారు నాలుగంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పున్న అట్ట మీద అతికించేవారు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం చుట్టుకుపోతుంది, అందుకే అట్ట. 1860లో లండన్‌లో మేయల్ అనే ఫొటోగ్రాఫర్ రాజకుటుంబం ఫొటోలు ఇలా అమ్మకానికి పెట్టాక, తెలియని దొరసాని ఫొటోనైనా కొని ఆల్బంలో పెట్టుకోవడం మామూలైంది. నేనైతే ‘కార్డు ఫొటో’ అంటాను, మొదటిసారి పక్కన ‘కార్ట్ డి విజిట్’ అని చేర్చి.

*

‘దిగినవారు’, ‘కార్డు ఫొటో’ ఖాయం చేశాం. ‘తెల్ల పట్టీ’లు రెండు చోట్ల దొరికాయి, తీసేస్తున్నాం. ‘ఆల్బ్యుమెన్ ప్రింట్’కి ‘తెల్లసొన ప్రింటు’ అంటే జనం నవ్వుతారా?

*

నవ్వనివ్వండి, ఉన్నది తెల్లసొనే.