అప్‌డేట్: గొలుసు పోతే "మా పరిధి కాదు" అన్నారని అడిగాను కదా, కేసు నమోదైంది

విజయవాడ నుంచి వచ్చే బస్సులో అమ్మ గొలుసు కొట్టేశారని, మా ఊరి స్టేషన్‌లో పరిధి కాదని పంపేశారని అడిగాను కదా. మీరు చెప్పిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) సెక్షన్ 173 కూర్చుని చదివాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, దొంగతనం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) రాసి అసలు స్టేషన్‌కు పంపాల్సిన పని కూడా వాళ్లదే, మనది కాదు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాసి పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. నేను రిజిస్టర్డ్ పోస్టు పంపాక స్టేషన్ నుంచే ఫోన్ వచ్చింది. అరవై దాటిన అమ్మని ఊళ్లు తిప్పాలనుకోవడం మాత్రం చాలా అన్యాయం! ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి మరీ తీసుకోండి. గొలుసు ఇంకా దొరకలేదు, విచారణ విజయవాడలో నడుస్తోంది.