ట్రీట్‌మెంట్ అయిపోయింది, డ్యూటీలో ఎప్పుడు చేరాలి?

గాజువాక అకౌంటెంట్:
అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, 16 కీమోలు అయ్యాయి, విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ 15 సిట్టింగులు కూడా పూర్తయి నాలుగు వారాలైంది. ఇప్పుడు జబ్బు మళ్లీ రాకుండా రోజూ వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర ఒక్కటే. డాబాగార్డెన్స్‌లో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. పది నెలలుగా సెలవు, అందులో చివరి మూడు నెలలూ జీతం లేదు. చేరతారో లేదో ఒకటో తారీఖులోపు చెప్పమన్నారు. అత్తగారేమో ఏడాది దాకా గడప దాటొద్దంటారు. మా ఆయన ఏమీ అనరు, కానీ హౌస్ లోన్ మెసేజ్ వచ్చినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేస్తారు. డాక్టరుగారు "ఓపికుంటే వెళ్లండమ్మా" అన్నారు. ఓపిక ఉందో లేదో తెలిసేదెలా? పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికి ఉండదు.

షిఫ్టు మనిషి, కూర్మన్నపాలెం:
ఆగండి మేడమ్. నాది పెద్దపేగు క్యాన్సర్, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఆఖరి కీమో అయిన మూడో వారానికే చేరిపోయాను. మగాడంటే వీడే అని అందరూ భుజం తట్టారు. ఓ రోజు బి షిఫ్టు దిగి ఇంటికొచ్చి బూటు విప్పితే సాక్సు నిండా నెత్తురు. బూట్లో చిన్న నట్టు పడింది. ఎనిమిది గంటలు దానిమీదే నడిచాను, నాకు తెలీదు. అరికాళ్లు అంత మొద్దుబారిపోయాయి. నాకిచ్చిన కీమో మందు ఆక్సాలిప్లాటిన్‌కి, మందు ఆపేశాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగొచ్చని తర్వాత తెలిసింది. మళ్లీ రెండు నెలలు మంచం. మొదటిసారి సెలవు జాలిపడి ఇస్తారండీ. రెండోసారి అడిగితే మన ముఖం వంక చూస్తారు.

ఎంవీపీ టీచరమ్మ:
నేనైతే వెళ్లిపొమ్మంటాను. ఇంట్లో ఉన్నంతకాలం పేషెంటునే. వచ్చినవాళ్లంతా ఒక బొప్పాయి, ఒక భయం ఇచ్చిపోతారు. నాదీ రొమ్ము క్యాన్సరే. దానికి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజక్షన్ మూడు వారాలకొకటి, ఏడాది పాటు. అంతా అయ్యాకే అనుకుంటే ఆ ఏడాదీ పోయేది. ఇంజక్షన్ మర్నాడు సెలవు పెట్టుకుంటూ పాఠం చెప్పాను. ఒకటే తప్పు చేశాను. బోర్డు పైదాకా రాసీ రాసీ ఆపరేషన్ వైపు చెయ్యి వాచింది, గాజులు ఎక్కలేదు. చంకలో గడ్డలు తీసినవాళ్లు చెయ్యి బరువెక్కిన రోజే డాక్టరుకి చూపించుకోవాలి. నేను సంక్రాంతి దాకా చూపించుకోలేదు.

షిఫ్టు మనిషి, కూర్మన్నపాలెం:
టీచరమ్మగారూ, మీది గవర్నమెంటు బడేనా?

ఎంవీపీ టీచరమ్మ:
అవును బాబూ, గవర్నమెంటే. నా ధైర్యంలో సగం అదే, కాదనను.

జాలరిపేట కుర్రాడు:
మీరంతా ఎప్పుడెళ్లాలా అని మాటాడుకుంటన్నారు. మా అమ్మని ఆ మాట ఎవరూ అడగలేదండి. నోటి క్యాన్సరు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషను, రేడియేషను అయిపోయాయి, పైసా కట్టలేదు. కార్డు ఆసుపత్రి ఖర్చు చూసింది గానీ ఇంట్లో బియ్యం చూడదు కదండి. పదిహేనో రోజుకే మళ్లీ చేపల గంప నెత్తికెత్తుకుంది. నోరెండిపోయి మాట రాదు. వేళ్లు చూపించి బేరమాడేది. కొనేవాళ్లు మూగదనుకుని ఇంకో పది తగ్గించేవారు. తొందరపడిందా అంటే ఏటి చెప్పమంటారు?

ఆఫీసు వైపు మనిషి:
తిట్టినా సరే, ఇంకో వైపు మాట చెబుతాను. నేను పదిమంది స్టాఫున్న ఆఫీసు నడుపుతున్నాను. మాకు కష్టం సెలవు కాదు, "చూద్దామండీ" అనే మాట. తేదీ, గంటలు రాసివ్వండి, చాలామంది ఒప్పుకుంటారు. విసుగొచ్చి రాజీనామా మాత్రం రాయకండి. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్సు ఉంటే ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. ఈ జబ్బు మొహం చూసినవాళ్లకి కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈఎస్ఐ, అదే జీతంలో కోసే కార్మికుల బీమా, ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. మామూలు జబ్బు భత్యం ఏడాదికి 91 రోజులే, జీతంలో 70 శాతం. క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధులకైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా సాగుతుంది. రెండేళ్ల సర్వీసు, ఆ కాలంలో కనీసం 156 రోజుల చందా ఉండాలి.

గాజువాక అకౌంటెంట్:
నా జీతం 28 వేలండీ. ఈఎస్ఐ 21 వేల జీతం దాకానే.

షిఫ్టు మనిషి, కూర్మన్నపాలెం:
నాకు ఈఎస్ఐ ఉంది. ఎనిమిదేళ్లుగా కోస్తున్నారు. ఈ ముక్క అప్పుడు ఒక్కడు చెప్పలేదు.

సీతమ్మధార సిస్టర్:
క్యాన్సర్ వార్డులో పనిచేశాను. ఇది పడుకుంటే పోయే నీరసం కాదండీ, పడుకున్నకొద్దీ పెరుగుతుంది కూడా. రోజూ కొంచెం నడిచేవాళ్లకే ముందు తగ్గుతుంది. చేరేముందు ఒకసారి రిహార్సల్ చేయండి. ఆఫీసు టైముకి స్నానం, బస్సు, మెట్లు, వచ్చి రెండు గంటలు లెక్కలు. ఆ రోజు ఎలా ఉందో వదిలేయండి. మర్నాడు ఎలా లేచారో చూడండి.

గాజువాక అకౌంటెంట్:
సిస్టర్ చెప్పినట్టే చేశాను. బస్సులో కాంప్లెక్స్ దాకా బాగానే వెళ్లాను. ఆఫీసు లిఫ్టు పాడై ఎన్నాళ్లయిందో, రెండో అంతస్తు. మొదటి మలుపులోనే మెట్టుమీద కూర్చున్నాను. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ "ఎవరు కావాలమ్మా" అన్నాడు. పదకొండేళ్ల ఆఫీసు! ఇంటికొచ్చి పాత వోచర్లు ముందేసుకుంటే వేళ్లకి కాగితం అంచు దొరకదు, రెండేసి వస్తున్నాయి. ఒక బిల్లు రెండుసార్లు ఎక్కించాను. మర్నాడు పదింటిదాకా లేవలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి మెట్టుమీద కూర్చోలేదు, ఏడింటికే లేచాను.

మా పనికి నెలనెలా జీఎస్టీ రిటర్నులు, 11న జీఎస్టీఆర్ 1, 20న 3బీ. ఆ గండాలు దాటాక 21న చేరతానని రాసిచ్చాను. రెండు నెలలు పదింటి నుంచి రెండింటిదాకా, సగం జీతం. మేనేజరుగారు వెంటనే సరే అన్నారు. అంత వెంటనే అనడం నాకేమీ నచ్చలేదు. అత్తగారు మాట్లాడటం మానేశారు గానీ క్యారేజీ మాత్రం తోమి బయట పెట్టారు.

షిఫ్టు మనిషి, కూర్మన్నపాలెం:
తొందరే అంటాను ఇప్పటికీ. సరే, చెప్పులు దులిపి వేసుకోండి.

ఆఫీసు వైపు మనిషి:
కాగితాలకి బ్యాంకు క్యాషియర్లు వాడే తడి స్పాంజి డబ్బా కొనుక్కోండి. స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది.