'అన్‌సస్టెయినబుల్' అంటే 'అస్థిరం' కాదు

నిన్న ఒక అనువాదంలో 'అస్థిరమైన భూగర్భజల వినియోగం' అని కనబడింది. మూలంలో ఉన్న ఇంగ్లీషు మాట అన్‌సస్టెయినబుల్, అంటే ఇలాగే ఎక్కువకాలం సాగనిది. సస్టెయినబుల్‌కి పత్రికల్లో 'సుస్థిర' పాతుకుపోయింది కాబట్టి 'సు' తీసి 'అ' పెట్టేశారు. అర్థం మాత్రం తారుమారైంది. అస్థిరం అంటే కుదురులేనిది, ఊగిసలాడేది. ఈ నీళ్ళు తోడడంలో ఊగిసలాటేమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే జోరు, చిక్కంతా ఆ జోరుతోనే.

'అశాశ్వతం', 'క్షణభంగురం' కూడా కుదరవు. నీటిబుడగ క్షణభంగురం, దాని స్వభావమే అంత. అన్‌సస్టెయినబుల్ చెప్పేది మన వాడకం గురించి. వాడకం మార్చుకుంటే అదే బావి మనవల కాలానికీ ఉంటుంది. 'అశాశ్వతం' అని రాస్తే ఆ హెచ్చరిక కాస్తా వేదాంతమైపోతుంది.

ఈ మాటకు మూలం లాటిన్ 'సుస్టినేరె', కింది నుంచి పట్టి నిలపడం. పర్యావరణ అర్థం 1987లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన బ్రంట్‌లాండ్ నివేదిక తర్వాత బాగా వాడుకలోకొచ్చింది గానీ, కోర్టుల్లో దీని వాడకం వేరు. అక్కడ ఒక ఉత్తర్వు అన్‌సస్టెయినబుల్ అంటే చట్టం ముందు 'నిలవదు' అని. ఆ చోటికి 'నిలవదు' అన్న తెలుగు మాట అతికినట్టు సరిపోతుంది.

మరి నీళ్ళకో? ఒక ప్రాంతంలో ఏడాదికి తోడుకోదగిన నీటిలో తోడేది 100 శాతం దాటితే కేంద్ర భూగర్భజల మండలి దాన్ని అతిగా తోడిన ప్రాంతంగా లెక్కేస్తుంది. అనంతపురం వైపు మా చిన్నాయన బోరు మోటారు వేస్తే అరగంట నిండుగా పోసేది, ఆపైన పైపులో గాలి కొట్టేది. ఆపి, ఊరనిచ్చి, మళ్ళీ వేసేవాడు. "ఊటకన్నా తోడేది ఎక్కువైతే ఎన్నాళ్ళొస్తాయిరా?" అనేవాడు. నాకు కావలసిన మాట అందులోనే దొరికింది. 'ఈ బియ్యం నెలకొస్తాయా' అంటామే, ఆ రావడమే ఇది. 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అన్న సామెతలోనూ ఉన్నది ఇదే లెక్క.

అందుకే విశేషణం కోసం పట్టుబట్టకుండా క్రియతో చెబుదామంటాను. 'ఈ లెక్కన తోడితే నీళ్ళు ఎంతోకాలం రావు', 'అప్పు ఇలాగే పెరిగితే మోయలేం'. విశేషణం తప్పనిసరైన చోట 'కొనసాగించలేని' అనొచ్చు. నోటికి బరువే గానీ అర్థం చెడదు.

తెలంగాణ, ఉత్తరాంధ్ర పల్లెల్లో బోరు ఇలా వట్టిపోతుంటే ఏమంటారో, అక్కడివాళ్ళు చెప్పగలరా?