నలభై చీరలు తీయించి ఒక్కటీ కొనకుండా వచ్చేశాం, తప్పు మాదేనా?

రాజోలు అమ్మాయి:
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మాఘంలో చెల్లి పెళ్ళి. పోయిన గురువారం అమ్మా, నేనూ, చెల్లీ పొద్దున్నే బస్సెక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళాం, పట్టుచీర ఒకటి, చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు ఓ పది తీసుకుందామని. మూడంతస్తుల షోరూము, పేరు చెప్పను. పట్టు సెక్షన్లో ఒక అమ్మాయి, ఇరవై ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఎంత ఓపిగ్గా చూపించిందో. కంచి అయింది, ధర్మవరం అయింది, ఉప్పాడ అయింది. మా అమ్మ సంగతి తెలిసిందేగా, అంచు నచ్చితే రంగు నచ్చదు, రంగు నచ్చితే కొంగు నచ్చదు. చెల్లిని అద్దం ముందు నిలబెట్టి కుచ్చిళ్ళు కూడా పెట్టి చూపించింది. గంటన్నర అయింది, తీసినవి నలభైకి తక్కువుండవు. చివరికి అమ్మ "బయట కూడా ఓసారి చూసొస్తాం అమ్మా" అని లేచింది. ఆ అమ్మాయి మొహం మాడ్చుకోలేదు, "పర్లేదండి" అంది అంతే.

మేం మెట్ల దగ్గరికి వచ్చామో లేదో, సూపర్‌వైజర్ అనుకుంటా, మాకు వినపడేలాగే "గంటన్నర చూపించి ఖాళీ చేతుల్తో పంపిస్తావా, ఇంకెందుకు నువ్వు" అన్నాడు. అమ్మ వెనక్కి వెళ్ళి జాకెట్టు ముక్కైనా తీసుకుందామంది, నేనే లాక్కొచ్చాను. కడియం దాటేదాకా ఎవరం మాట్లాడుకోలేదు.

మొహమాటానికి ఏదో ఒకటి కొనేసి ఉండాల్సిందా? అసలు షాపువాళ్ళ దగ్గర ఎంతవరకు ఆశించొచ్చు, ఎక్కడ ఆపాలి?

భీమవరం అక్క:
తప్పేం లేదమ్మా, చూపించడం వాళ్ళ పని, కొనడం కొనకపోవడం మన ఇష్టం. మొహమాటానికి కొన్న చీరలు నా బీరువాలో నాలుగున్నాయి, ఒక్కటీ కట్టలేదు. నీకు చూపించేవాళ్ళైనా దొరికారు. నేను కుక్కర్ రబ్బరు కోసం స్టీలు సామాను షాపుకి వెళ్తే అక్కడి అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తకుండా "లేదండి" అన్నాడు. వాడి తల వెనకాలే మేకుకి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. "బాబూ, నీ నెత్తి మీదున్నవేంటి" అంటే అప్పుడు వెనక్కి తిరిగి, "మీ సైజు ఉండదండి" అన్నాడు. సైజు అడిగితేగా! ఆ అమ్మాయిని తిట్టినవాడు ఇలాంటివాణ్ణి తిట్టాలి.

తాడితోట మాజీ:
11 ఏళ్ళు బట్టల్లో పనిచేశాను, ముందు రాజమండ్రి తాడితోటలో హోల్‌సేలు, తర్వాత రిటైలు. ఇప్పుడు ఆటో నడుపుతున్నా, కూర్చుని చేసే పని కదా, కాళ్ళకి ప్రాణం లేచొచ్చింది.

చెల్లెమ్మా, కొనకపోవడం పెద్ద విషయం కాదు. పది పార్టీలొస్తే నాలుగైదు ఉత్తినే వెళ్తాయి, అది ఓనరుకీ తెలుసు. మీరు చేసిన పొరపాటు ఏమైనా ఉంటే బడ్జెట్ చెప్పకపోవడం. చెప్పలేదనే అనుకుంటున్నా, ఎందుకంటే ఎవరూ చెప్పరు. రేటు చెప్తే ఆ రేటుకి తగ్గట్టు అంటగడతారని మనవాళ్ళకి భయం. మనసులో ఎనిమిది వేలు పెట్టుకుని "మంచివి చూపించండి" అంటారు. మేం పాతికవేలవి దించుతాం. అవి చూసిన కంటికి ఇంక ఎనిమిది వేల చీర ఆనుతుందా? అక్కడితో ఆ బేరం పోయినట్టే, ఆ తర్వాత తీసిన ముప్పై చీరలూ దండగ చాకిరీ. భయమైతే రెండు వేలు తగ్గించి చెప్పండి, మేం ఎలాగూ రెండు వేలు పైవే చూపిస్తాం.

మీరు వెళ్ళాక అక్కడ ఏం జరుగుతుందో కూడా చెప్తాను. నలభై పట్టుచీరలు మడతపెట్టడమంటే ఇద్దరు కూర్చున్నా అరగంట పైనే. పాత మడత మీదే పడాలి, కొత్త గీత పడితే తర్వాత వచ్చినావిడ "ఎవరో కట్టి తిరిగిచ్చిందా ఇది" అంటుంది. ఈ అరగంటలో ఇంకో పార్టీ వస్తే పక్క కౌంటరువాడికి పోతుంది. నేను చేసిన చోట జీతం తక్కువ, అమ్మినదాని మీద వచ్చేదే చూసుకునేవాళ్ళం. ఇంకో రహస్యం, అమ్ముడుపోని పాత స్టాకుకి ట్యాగు మీద పెన్నుతో చుక్క పెట్టేవారు, అది అమ్మితే పీసుకి ఇంత అని విడిగా ఇచ్చేవారు. సేల్స్‌మన్ "ఇది మీ ఒంటికి చాలా బాగుందండి" అని మూడోసారి అన్నాడంటే ట్యాగు తిప్పి చూడండి.

కాళ్ళ సంగతి ఎత్తాను కాబట్టి ఇదీ చెప్తా. పాత కొట్లలో తెల్ల పరుపుల మీద అమ్మేవాడూ కొనేవాళ్ళూ అందరూ కిందే కూర్చునేవారు. కౌంటర్లు వచ్చాక కొనేవాళ్ళకి కుర్చీ, మాకు నిలువుకాళ్ళు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం గొడవ చేస్తే 2018లో చట్టం మార్చారు, 2021లో తమిళనాడు కూడా మార్చింది. పది గంటలు నిలబడ్డ మనిషి సాయంత్రం ఆరింటికి నవ్వలేదని మాత్రం కోప్పడకండి.

ఆ అమ్మాయికి ఏమైనా చెయ్యాలనుంటే ఒకటే మార్గం. మళ్ళీ అదే షాపుకి వెళ్తే ఆవిణ్ణే అడగండి, బిల్లు మీద ఆవిడ స్టాఫ్ నంబరే వేయమనండి. అమ్మకం ఆవిడ లెక్కలోకి వెళ్తుంది.

మెత్తని సోఫా:
నా సందేహం కూడా ఎవరైనా తీర్చండి. చీరల షాపులో మగాళ్ళ కోసం వేసే ఆ సోఫా ఉంది చూశారూ, అందులో కూర్చున్నవాణ్ణి ఏ స్టాఫూ పలకరించరేంటి? మూడు గంటలు కూర్చున్నా, మంచినీళ్ళు అడిగితే "ఇప్పుడే తెస్తామండి" అన్నవాడు ఇంకా తేలేదు.

రాజోలు అమ్మాయి:
అందరికీ థాంక్సండి. తాడితోట అన్నయ్యా, మీరన్నది నిజం, మేం రేటు చెప్పలేదు. అనుకున్నది తొమ్మిది వేలు, మొదట చూసిందే పద్దెనిమిది వేలది. సార్వా ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు, నోరు తెరిచి చెప్పడానికి అమ్మకి నామోషీ.

ఇంకో టెన్షన్ ఉంది. అదే రోజు వేరే షాపులో పెట్టుబడి చీరలు ఆరు తీసుకున్నాం. ఇంటికొచ్చి విప్పితే ఒకదానికి కొంగు లోపలి మడతలో బెత్తెడు చిరుగు. ఫోన్ చేస్తే "బిల్లు చూడమ్మా, అమ్మిన సరుకు వాపసు లేదని రాసుంది" అని పెట్టేశాడు. ఇంతేనా ఇక?

బిల్లు దాచుకునేవాడు:
ఇంతే కాదండి. బిల్లు మీద అచ్చేయించుకున్నంత మాత్రాన చట్టం పోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, ఇది 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లులో గడువు రాసుంటే ఆ గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోదే. కాకపోతే ఇది చిరుగుకి, రంగు వెలవడానికి, చెప్పిన సరుకు కాకపోవడానికి. రంగు అత్తగారికి నచ్చలేదంటే చట్టం పలకదు, అది కొట్టువాడి మంచితనం.

ముందే కేసు అనకండి. చీర ఉతక్కుండా, ట్యాగు తీయకుండా, చిరుగు ఫోటో తీసి, బిల్లుతో మనిషే వెళ్ళండి. పొద్దున్నే బోణీ కాకముందు మాత్రం వెళ్ళకండి, వాపసు సరుకు చూడగానే సగం గొడవ దానికే అవుతుంది. మధ్యాహ్నం మూడింటప్పుడు ఖాళీగా ఉంటారు, గల్లా దగ్గర ఓనరు ఉన్నప్పుడు ఆయన్నే పట్టుకోండి, స్టాఫ్ చేతిలో ఏమీ ఉండదు. అప్పటికీ వినకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు సరుకుకైతే ఫీజు కూడా లేదు. ఒక్క పెట్టుబడి చీరకి అంతదూరం ఎవరూ వెళ్ళరనుకోండి, షాపువాడికీ ఆ ధైర్యమే.

పాలకొల్లు కొట్టు:
ఆయ్, ఇన్నాళ్ళకి మా తరఫున మాట్లాడే అవకాశం వచ్చింది. తాడితోట తమ్ముడు చుక్క సంగతి బజార్న పెట్టేశాడు, రేపట్నుంచి అందరూ ట్యాగులు తిప్పుతారు. మా దగ్గర చుక్కలు లేవండీ, చిన్న కొట్టు, ఇద్దరు కుర్రాళ్ళుండేవారు, పని బాగా వచ్చినవాడు కువైట్ వెళ్ళిపోయాడు. పని నేర్చుకున్నవాడు వెళ్ళిపోతుంటే కొత్తవాడికి పట్టుకీ పాలిస్టరుకీ తేడా చెప్పడానికే ఆరు నెలలు పడుతుంది. మీరొచ్చి "ఇది ఉప్పాడేనా" అని అడిగితే వాడు "అవునండి" అంటాడు, వాడికి తెలిసి కాదు. ఉప్పాడ జమ్దానీకి 2009లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు చెందేలా ఇచ్చేది, వచ్చింది, దాని పేరు చెప్పి మరమగ్గం సరుకు బోలెడు తిరుగుతోంది. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగు అడగండి. అదీ లేదంటే కొంగు అంచున వేలాడే పోగొకటి తెంపి కాల్చమనండి, పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద పొడిపొడిగా అవుతుంది, పాలిస్టరు కరిగి ఉండ కడుతుంది. సంకోచించకుండా కాల్చి చూపించేవాడి దగ్గర కొనుక్కోండి.

కొనేవాళ్ళ గురించీ ఒక మాట. యాభై చీరలు చూడండి, నాకేం బాధ లేదు. కానీ చీర పరిపించి, ఫోటో తీసుకుని, నా ఎదురుగానే ఫోన్లో ఆన్‌లైన్ రేటు వెతికి "అక్కడ మూడొందలు తక్కువ" అంటారు చూడండి, అది మాత్రం కడుపు మండుతుంది. ఆ ఫోన్ మీకు కుచ్చిళ్ళు పెట్టి చూపిస్తుందా?

ఆ సూపర్‌వైజర్ చేసింది మాత్రం శుద్ధ తప్పు. పార్టీ వినేలా స్టాఫ్‌ని తిడితే ఆ పార్టీ ఇంక రాదు. ఖాళీగా వెళ్ళినవాళ్ళే ధాన్యం డబ్బులు పడ్డాక ఊరందర్నీ వేసుకుని వస్తారు, ఇది మా నాన్నగారి కాలం నుంచీ చూస్తున్నా.

భీమవరం అక్క:
పాలకొల్లు అన్నయ్యగారూ, మీ కొట్టు ఎక్కడండీ? వెతికి వస్తాను. ఫోన్ బ్యాగులోనే ఉంచుతాలెండి.

రాజోలు అమ్మాయి:
నిన్న మళ్ళీ వెళ్ళాం. చిరుగు చీర మార్చారు, ఓనరు గారు ముందు కాస్త గొణిగారు గానీ బిల్లూ ఫోటో చూశాక ఇంకేం అనలేదు, 1915 దాకా పోలేదు. తర్వాత ఆ షోరూముకి వెళ్ళి పైన వెతికితే ఆ అమ్మాయి కనపడలేదు. పట్టు సెక్షన్ నుంచి తీసేసి కింద తువ్వాళ్ళ దగ్గర వేశారట. మమ్మల్ని చూసి గుర్తుపట్టింది, "చీర దొరికిందా అండి" అని అడిగింది. అమ్మ ఆ అమ్మాయి దగ్గరే నాన్నకి పంచెల చాపు, పెళ్ళికి పనికొస్తాయని అరడజను తువ్వాళ్ళు తీసుకుని, బిల్లు కౌంటర్లో నిలబడి ఆ అమ్మాయి నంబరు వేశారా లేదా అని రెండుసార్లు చూసుకుంది. పట్టుచీర ఇంకా దొరకలేదు.